బాబు నా వంతు, పాప ఆమె వంతు

ప్రశ్న: పది వారాల క్రితం మాకు కవలలు పుట్టారు, ఒక బాబు, ఒక పాప. 35వ వారంలోనే కాన్పు అయింది. బాబు 2.3 కిలోలు, పాప 1.7 కిలోలు. బాబును నాలుగు రోజుల్లో ఇంటికి పంపేశారు. పాప 12 రోజులు ఐసీయూలో ఉంది. అన్నాళ్లూ నా భార్య పాప దగ్గర, నేను బాబుతో ఇంట్లో. తర్వాత కూడా అదే అలవాటైపోయింది. బాబుకు నేను సీసాతో పోతపాలు పడతాను, పాప వాళ్లమ్మ దగ్గర తాగుతుంది. ఇద్దరినీ ఒకే తొట్టెలో, మధ్యలో దుప్పటి చుట్ట పెట్టి పడుకోబెడుతున్నాం. సాయానికి వచ్చిన అత్తగారు వెళ్లిపోయారు, నేను మళ్లీ ఉద్యోగానికి వెళ్తున్నాను. ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. బాబు ఏడిస్తే ప్రాణం విలవిల్లాడుతుంది. పాప ఏడిస్తే మాత్రం చిరాకొస్తుంది. అది పుట్టుకతోనే మొండిది అనిపిస్తోంది. మొన్న తెల్లవారుజామున మూడింటికి ఇద్దరూ ఒకేసారి గుక్కపట్టి ఏడుస్తుంటే పాపను పక్క మీద విసురుగా పెట్టేశాను. చేతులు వణికిపోయాయి. నా చేతులంటే నాకే భయం వేసింది. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. మేమిద్దరం పాలు, డైపర్లు తప్ప ఇంకేం మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో. పది వారాలైనా పిల్లల్లో ఒక్కరూ నన్ను చూసి నవ్వలేదు. నాకు పాప మీద ప్రేమ వస్తుందా?

జవాబు: ముందు పాప సంగతి. ఆ రాత్రి తర్వాత పాప ఎప్పటిలా పాలు తాగుతోందా, మెలకువగా ఉన్నప్పుడు కాళ్లూ చేతులూ మామూలుగానే ఆడిస్తోందా? మగతగా పడి ఉండడం, పాలు పట్టకపోవడం, వరసగా వాంతులు, ఊపిరి తీసుకునే తీరు మారడం, ఒళ్లు కొట్టుకోవడం, మాడు ఉబ్బినట్టు కనిపించడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది చదవడం ఆపేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోయినా సరే, పిల్లల డాక్టర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పి ఒకసారి చూపించండి. నేను డాక్టర్‌ని కాదు. కవలల్ని పెంచిన తండ్రిని. మా అమ్మాయిలకు ఇప్పుడు పదకొండేళ్లు.

ఆ రాత్రి మీరు చేసిన దాంట్లో తప్పూ ఉంది, మంచీ ఉంది. విసురుగా పెట్టడం తప్పు. కానీ కోపం తలకెక్కిన క్షణంలో పాపను చేతుల్లోంచి కింద పెట్టేశారు చూడండి, అది మంచి పని. చంటిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ కండరాలకు ఇంకా బలం ఉండదు. పట్టుకుని కుదిపితే తల ముందుకీ వెనక్కీ ఊగి మెదడులో రక్తనాళాలు చిట్లుతాయి. చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కొన్ని సెకన్లు కుదిపినా చాలు. అలా చేసేవాళ్లలో చాలామంది దుర్మార్గులేం కారు. ఏడుపు ఆగక, నిద్ర లేక, తలలో ఏదో తెగిపోయినట్టయిన మామూలు తల్లిదండ్రులే.

కాబట్టి పళ్లు బిగుసుకుంటున్నాయి, దవడలు గట్టిపడుతున్నాయి అనిపించగానే పాపను నెమ్మదిగా తొట్టెలో వెల్లకిలా పడుకోబెట్టండి. తలుపు దగ్గరగా వేసి గదిలోంచి బయటికి వచ్చేయండి. ముఖం కడుక్కోండి, మంచినీళ్లు తాగండి. ఐదు నుంచి పది నిమిషాల తర్వాత వెళ్లి చూడండి. చేతులు ఇంకా వణుకుతుంటే మీ ఆవిడను లేపండి. ఆమె అలసిపోయి పడుకుంది కదా, ఎలా లేపడం అని మొహమాటపడొద్దు. కడుపు నిండిన, ఒంట్లో బాగున్న బిడ్డ తొట్టెలో పది నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. కోపంతో ఉన్న చేతుల్లో ఒక్క నిమిషం ఉంటే కావచ్చు. ఈ ఏర్పాటు ఇద్దరికీ తెలిసి ఉండాలి కాబట్టి, ఆ రాత్రి సంగతి ఆమెకు చెప్పక తప్పదు. ఎలా చెప్పాలో కాసేపట్లో రాస్తాను.

ఇక మీ క్యాలెండర్ సంగతి. మీరు పది వారాలు అంటున్నారు. నిండు గర్భం 40 వారాలు. మీ పిల్లలు 35వ వారంలో పుట్టారు, అంటే ఐదు వారాలు ముందు వచ్చారు. ఎదుగుదలకు సంబంధించిన ఏ విషయంలోనైనా ఆ ఐదూ తీసేసి లెక్కపెట్టాలి. రెండేళ్లు వచ్చేదాకా డాక్టర్లూ అలాగే చూస్తారు. ఆ లెక్కన వాళ్లకిప్పుడు ఐదు వారాలే. టీకాలకు మాత్రం ఈ తీసివేత వర్తించదు. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప, అవి పుట్టిన తేదీ నుంచే లెక్క.

ఐదు వారాలు అనుకోగానే చాలా సంగతులు అర్థమవుతాయి. మనిషి ముఖం చూసి నవ్వడం ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. మీ పిల్లలకు ఇంకా ఆ సమయం రాలేదు, అంతే. ఇక ఏడుపు. చంటిపిల్లల ఏడుపు పుట్టిన రెండు వారాల నుంచి పెరుగుతూ పోయి, ఆరో వారం ప్రాంతంలో పతాక స్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు బాగా తగ్గుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఈ ఆరో వారాన్ని కూడా కాన్పు కావాల్సిన తేదీ నుంచే లెక్కపెట్టుకోవాలి. అంటే మీరిప్పుడు సరిగ్గా గుట్ట కొన మీద ఉన్నారు, అదీ ఇద్దరితో. రోజురోజుకీ ఎక్కువవుతోంది, ఇక జీవితమంతా ఇంతేనేమో అనిపించే వారాలు ఇవే. మాకూ అలాగే అనిపించింది. ఆ రోజుల్లో ఎవరైనా ఈ లెక్క చెప్పి ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో!

ఇప్పుడు అసలు విషయం. మీరు పిల్లల్ని పంచుకున్నారు. నాకు బాబు, నీకు పాప. కవలలున్న ఇళ్లలో ఇది దాదాపు తెలియకుండానే జరుగుతుంది. మీ విషయంలో ఆసుపత్రే అలా విడదీసింది, మీ తప్పేం లేదు. కానీ పది వారాలుగా బాబును ఎత్తుకుని, పాలు పట్టి, తేన్పు తెప్పించి, జోకొట్టి, వాడి ఏడుపులో ఆకలి ఏదో, నిద్ర ఏదో మీరు నేర్చుకున్నారు. పాపతో ఆ పాఠం మొదలే కాలేదు. బాబు ఏడిస్తే ఏం చేయాలో మీ చేతులకు తెలుసు, అందుకే జాలి కలుగుతుంది. పాప ఏడిస్తే ఏం చేయాలో తెలియదు, అందుకే చిరాకొస్తుంది. మీరు దాన్ని ప్రేమ లేకపోవడం అనుకుంటున్నారు. నాకైతే అది పరిచయం లేకపోవడంలా కనిపిస్తోంది. పాప మొండిది అన్న మాట కూడా ఈరోజుతో మానేయండి. ఆ పిల్ల 1.7 కిలోలతో పుట్టింది. కడుపు చిన్నది, ఒకసారికి తాగేది తక్కువ, కాబట్టి తొందరగా ఆకలేస్తుంది, ఎక్కువసార్లు ఏడుస్తుంది. కవలల్లో ఒకరికి బుద్ధిమంతుడని, ఇంకొకరికి పేచీకోరని పేరు పడితే, ఏళ్లు గడిచినా ఇంట్లో ఆ పేర్లు పోవు.

అందుకని పిల్లల్ని పంచుకోవడం మానేసి రాత్రిని పంచుకోండి. ఉదాహరణకు తొమ్మిదింటి నుంచి రెండింటి దాకా ఇద్దరు పిల్లలూ మీ బాధ్యత. రెండింటి నుంచి ఏడింటి దాకా ఇద్దరూ ఆమె బాధ్యత. తన వంతు కానప్పుడు నిద్రపోయే మనిషి వేరే గదిలో, తలుపు వేసుకుని నిజంగా నిద్రపోవాలి. ఇప్పుడు మీరేం చేస్తున్నారంటే, ఏ బిడ్డ లేచినా ఇద్దరూ లేస్తున్నారు. ముక్కలు ముక్కలుగా ఆరు గంటలు పడుకున్నదానికంటే ఏకధాటిగా ఐదు గంటలు పడుకున్న మనిషి మర్నాడు మనిషిలా ఉంటాడు. మేము ఆరు వారాలు ఆలస్యంగా ఈ పద్ధతిలోకి వచ్చాం. మొదటి రాత్రి మా ఆవిడ ఐదు గంటలు పడుకుని లేచి, మంచం మీద కూర్చుని ఏడ్చింది. ఏమైందని కంగారుపడితే, ఏం కాలేదు, తల తేలిగ్గా ఉంది అంది.

మరి పాప తల్లి దగ్గరే తాగుతుంది కదా అంటారు. తొమ్మిదింటికి పడుకునే ముందు ఆమె పాపకు పాలిచ్చి, కొన్ని పాలు పిండి పెట్టవచ్చు. పిండిన తల్లిపాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మైక్రోవేవ్‌లో వేడి చేయొద్దు, అక్కడక్కడా సెగ నిలిచి నోరు కాలుతుంది. సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెడితే చాలు. మధ్యలో ఛాతీ బరువెక్కి నొప్పి పుడితే ఆమె ఒకసారి లేచి పాలు పిండుకుని మళ్లీ పడుకోవచ్చు. పాలు ఎంత తాగితే, ఎంత పిండితే అంత పడతాయి. అందుకే పగటిపూట బాబును కూడా తల్లి దగ్గర వేసి చూడండి. మొదట్లో విదిలించుకుంటాడు, బలవంతం వద్దు. పట్టకపోతే పోతపాలే పట్టండి, అందులో ఎవరి తప్పూ లేదు. పొడి కలిపేటప్పుడు మాత్రం డబ్బా మీద రాసిన కొలతే పాటించండి, ఇంకా రెండు రోజులు వస్తుందని పలచన చేయకూడదు.

ఇంకో లెక్క చెబుతాను. ఈ వయసు బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగుతుంది. ఇద్దరికీ కలిపి ఇరవైసార్లు అనుకుందాం. పాలు పట్టి, తేన్పు తెప్పించి, డైపర్ మార్చి పడుకోబెట్టడానికి 40 నిమిషాలు వేసుకున్నా, రోజులో 13 గంటల పైమాటే. అందుకే ఒకరు ఆకలికి లేస్తే రెండోవాళ్లనూ లేపేయండి. నిద్రపోతున్న బిడ్డను లేపడానికి మనసు ఒప్పదు, నాకు తెలుసు. అయినా లేపండి. పది రోజుల్లో ఇద్దరి ఆకలి వేళలూ దగ్గరపడతాయి. మీరొక్కరే ఉన్నప్పుడు నేల మీద గోడకు ఆనుకుని, కాళ్లు చాపి కూర్చోండి. రెండు వైపులా రెండు దిండ్లు వాలుగా పెట్టి, తలలు కాస్త ఎత్తులో ఉండేలా ఇద్దరినీ ఆనించి, రెండు చేతులతో రెండు సీసాలూ పట్టుకోండి. సీసాకు దిండు ఆనించి వదిలేసి పక్కకు వెళ్లడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, పొలమారితే దగ్గర ఎవరూ ఉండరు. తాగడం అయ్యాక ఆ దిండ్లు తీసేయండి.

గోడకు ఒక నోట్‌బుక్ వేలాడదీయండి. ఒక పేజీ ఒక రోజు, మధ్యలో గీత, ఎడమవైపు బాబు, కుడివైపు పాప. ఎప్పుడు తాగారు, ఎంత తాగారు, ఎన్నిసార్లు తడిపారు, చుక్కల మందు వేశామా లేదా. ఇది చాదస్తంలా కనిపించవచ్చు. ఒకసారి తెల్లవారుజామున నేను పెద్దదానికే రెండుసార్లు పాలు పట్టి, చిన్నది ఆకలితో చప్పరించుకుంటూ పడుకుంటే, అది తాగేసిందనే అనుకున్నాను. ఇద్దరూ ఒకే పోలిక, గదిలో మసక వెలుతురు. పెద్దదానికి ఎడమ చెవి వెనకాల చిన్న గోధుమరంగు పుట్టుమచ్చ ఉంది. ఆ రోజు నుంచి చెవి తిప్పి చూడకుండా, పుస్తకంలో రాయకుండా సీసా ముట్టుకోలేదు. మీకు పోలిక సమస్య లేదు కానీ, మీ వంతు అయ్యాక ఆమెను లేపి అడగకుండా పుస్తకం చూసుకుంటే సరిపోతుంది. రోజుకు ఒక్కొక్కరూ కనీసం ఆరు డైపర్లు తడిపితే పాలు సరిపోతున్నట్టే. ఈ నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాముల బరువు పెరగాలి. బాబుతో పాప బరువును పోల్చవద్దు, పాప బరువును పాప పాత బరువుతోనే పోల్చండి.

తొట్టెలో ఆ దుప్పటి చుట్ట ఈ రాత్రికే తీసేయండి. ఇద్దరికీ విడివిడి పక్కలు ఉండాలి. గట్టి, చదునైన పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, ఇంకేమీ వద్దు. దిండు, బొమ్మ, కప్పే దుప్పటి ఏదీ వద్దు. ప్రతిసారీ వెల్లకిలానే పడుకోబెట్టండి. మొదటి ఆరు నెలలూ పిల్లల పక్కలు పెద్దవాళ్లు ఉన్న గదిలోనే ఉంటే మంచిది. అంటే మీ వంతులో మీ గదిలో, ఆమె వంతులో ఆమె గదిలో. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ ఉన్నా, అంతకు మించినా తెల్లవారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మంచినీళ్లు ఆరు నెలలదాకా అక్కర్లేదు.

పాపతో పరిచయం ఎలా అంటారా? 1978లో కొలంబియాలోని బొగోటాలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే సనాబ్రియా అనే పిల్లల డాక్టర్ బరువు తక్కువ పిల్లల్ని తల్లుల ఛాతీకి ఆనించి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. కంగారూ కేర్ అని ఇప్పుడు లోకమంతా చేస్తున్నది అదే. అది తల్లులకే పరిమితం కాదు, తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చగా ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చాక స్నానం చేసి, చొక్కా లేకుండా వాలుకుర్చీలో కూర్చోండి. పాపను డైపర్ ఒక్కటే ఉంచి ఛాతీ మీద నిలువుగా ఆనించండి. ముఖం ఒక పక్కకు, ముక్కు కనిపించేలా ఉండాలి. వీపు మీద పలచటి గుడ్డ కప్పండి. ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. రోజూ అరగంట. మొదట్లో పెనుగులాడుతుంది, మీ వాసన దానికి కొత్త. కాసేపటికి మీ గుండె చప్పుడుకు దాని ఊపిరి నెమ్మదిస్తుంది, పిడికిలి విప్పి వేళ్లు మీ ఛాతీ మీద పరుస్తుంది. మా చిన్నది మూడో రోజు అలా వేళ్లు పరిచింది. గోళ్లు బియ్యపుగింజలో సగం కూడా లేవు. మీకు నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం వెంటనే పాపను తన పక్క మీద పడుకోబెట్టండి. కుర్చీలో గానీ సోఫాలో గానీ బిడ్డతో పాటు నిద్రపోవడం చాలా ప్రమాదం.

ఇక మీ ఆవిడతో మాట. రాత్రి మూడింటికి వద్దు, పిల్లలు ఏడుస్తున్నప్పుడు వద్దు. ఇద్దరూ నిద్రపోయిన పావుగంటలో చెప్పండి. "మొన్న రాత్రి పాపను విసురుగా పడుకోబెట్టాను. నాకు చాలా భయం వేసింది. మళ్లీ అలా జరగకూడదని ఒక ఏర్పాటు అనుకున్నాను, వింటావా?" చాలు, ఇంత సూటిగానే. ఆమెకు కోపం రావచ్చు, ఏడవవచ్చు. సంజాయిషీ ఇవ్వకుండా వినండి. నా అనుమానం, ఆమె దగ్గర కూడా మీకు చెప్పని రాత్రులు ఒకటి రెండు ఉండి ఉంటాయి.

ఆమె మాట్లాడకపోవడాన్ని అలక అనుకుని వదిలేయొద్దు. ఎప్పుడూ దిగులుగా ఉంటోందా, పిల్లలు పడుకున్నా నిద్ర పట్టడం లేదా, దేని మీదా ఆసక్తి లేదా అని అడగండి. ప్రసవం తర్వాతి డిప్రెషన్ చాలామంది తల్లులకు వస్తుంది, కవలల తల్లులకు ఇంకా ఎక్కువ. తండ్రులకూ వస్తుందని చాలామందికి తెలియదు. ఇంచుమించు పదిమంది తండ్రుల్లో ఒకరికి వస్తుంది, ముఖ్యంగా బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల వయసులో. మగవాళ్లలో అది కన్నీళ్లుగా కంటే కోపంగా, ఇంటికి వెళ్లబుద్ధి కాకపోవడంగా, ఆఫీసులోనే కూర్చుండిపోవడంగా బయటపడుతుంది. రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే మీరైనా ఆమె అయినా డాక్టర్‌తో చెప్పండి, దీనికి వైద్యం ఉంది. పిల్లలకో తమకో హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కాదు, ఆ రోజే, ఆ గంటే వెళ్లండి.

చూడడానికి వస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే రమ్మనండి, కానీ పిల్లల్ని వాళ్ల చేతిలో పెట్టి మీరు వంటింట్లోకి వెళ్లొద్దు. సీసాలు కడగడం, బట్టలు ఆరేయడం వాళ్లకు చెప్పండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఈ ఏడాదికి పక్కన పెట్టేయండి. నిద్ర చాలని రోజు బండి నడపొద్దు.

పాప మీద ప్రేమ వస్తుందా అని అడిగారు. మా చిన్నదాని విషయంలో నేనూ ఇదే భయంతో ఉన్నాను, మా ఆవిడతో కూడా అనలేకపోయాను. అది రెండు వారాలు ఎక్కువ ఆసుపత్రిలో ఉంది, ఇంటికి వచ్చాక కూడా వాళ్లమ్మ ఒళ్లోనే. వంతులు మార్చుకున్నాక మూడో వారంలో, రాత్రి ఒంటిగంట దాటాక దానికి డైపర్ మారుస్తున్నాను. చంటిపిల్లలకు 20, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే బాగా కనిపిస్తుంది. బటన్ పెడుతూ వంగినప్పుడు నా ముఖం సరిగ్గా అంత దూరంలో ఉంది. అది నా కనుబొమల వైపు చాలాసేపు చూసింది. ముందు కళ్లు మారాయి, తర్వాత ఒక పక్క పెదవి పైకి లేచింది, తర్వాత నోరంతా తెరుచుకుంది. నేను డైపర్ సగంలో వదిలేసి అలాగే వంగి ఉండిపోయాను. మీ లెక్క ప్రకారం మీ పాప నవ్వడానికి ఇంకో రెండు మూడు వారాలు ఉండవచ్చు. డైపర్ మార్చేటప్పుడు తొందరపడకండి. కాస్త కిందికి వంగండి.